మెదడు కణితికి కొత్త ట్రయల్స్ వస్తున్నాయంటున్నారు, వాటి కోసం రేడియేషన్ ఆపి ఎదురుచూడవచ్చా?

మీరు రాసినదాన్నిబట్టి నాకు అర్థమైనది ఇది. మీ అన్నయ్యకు 41 ఏళ్ళు, ఊరు దేవరకొండ దగ్గర. ఫిట్స్ వచ్చి పడిపోతే స్కాన్ తీశారు, హైదరాబాద్‌లో ఆపరేషన్ అయి మూడు వారాలు దాటింది. పెథాలజీ రిపోర్టులో గ్లయోబ్లాస్టోమా (వేగంగా పెరిగే మెదడు క్యాన్సర్), గ్రేడ్ 4 అని ఉంది. డాక్టర్లు ఆరు వారాల రేడియేషన్, దానితో పాటు టెమోజోలోమైడ్ అనే కీమో మాత్రలు చెప్పారు. ఈలోగా మీరు కార్-టీ కణాలు, కణితికి టీకాలు, రక్తపరీక్షతోనే కణితిని పట్టే పద్ధతులు అంటూ చాలా వార్తలు చదివారు. మీ ప్రశ్నలు మూడు: రాబోయే ట్రయల్ (కొత్త చికిత్సను రోగుల్లో పరీక్షించే అధ్యయనం) కోసం రేడియేషన్ ఆపాలా? చేరాలంటే ఏం చేయాలి? "మన మీద ప్రయోగాలు చేస్తారు" అన్న మీ అమ్మగారి భయం నిజమేనా?

సూటిగా చెబుతాను. రేడియేషన్ ఆపకండి. ఈ వారంలోనే ట్రయల్ గురించి వాకబు చేయండి, దొరికితే చేరండి. కానీ దొరుకుతుందేమోనని తేదీ వాయిదా వేయకండి. ఆపరేషన్ అయ్యాక నాలుగు నుంచి ఆరు వారాల్లోపు రేడియేషన్ మొదలుకావాలి, మీకు అందులో మూడు వారాలు ఇప్పటికే గడిచాయి. ఇక రెండో మాట, మీరు అడగనిది: రిపోర్టులో ఒక పరీక్ష అసంపూర్తిగా ఉంది, ఇంకొకటి అసలు చేయలేదు. ఏ ట్రయల్ తలుపైనా తెరుచుకునేది ఆ రెండిటితోనే. దాని గురించి కింద వివరంగా రాస్తాను, దయచేసి అది మాత్రం వదలకుండా చదవండి.

నేను డాక్టర్ని కాను. మాది హాలియా. పద్దెనిమిదేళ్ళుగా హైదరాబాద్‌లో మెదడు కణితుల ట్రయల్స్‌లో కోఆర్డినేటర్‌గా పనిచేస్తున్నాను. రోగి చేరేముందు రిపోర్టులు, స్కాన్లు, కణితి ముక్క సరిచూడటం, సమ్మతి పత్రం చదివేటప్పుడు పక్కన ఉండటం, ప్రతి విజిట్‌కు ముందు ఇంటికి ఫోను చేయటం నా పని. నల్లగొండ, సూర్యాపేట, పాలమూరు నుంచి వచ్చిన కుటుంబాలను వందల్లో చూశాను. ఇక్కడ రాసేది ఆ అనుభవం నుంచి. మందు మోతాదు లాంటివి మీ డాక్టరే చెప్పాలి.

మొదట, ఆపవద్దని అంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో చెప్పాలి. ఇప్పుడు మీ అన్నయ్యకు చెప్పిన చికిత్స కూడా ఒకప్పుడు ట్రయలే. యూరప్, కెనడా డాక్టర్లు కలిసి చేసిన ఆ ట్రయల్ ఫలితాలు 2005లో వచ్చాయి. రేడియేషన్ ఒక్కటే ఇచ్చిన గ్రూపులో సగంమంది 12.1 నెలలు దాటి బతికితే, టెమోజోలోమైడ్ కలిపిన గ్రూపులో ఆ అంకె 14.6 నెలలయింది. ఇదేనా తేడా అనిపిస్తుంది. కానీ రెండేళ్ళ తర్వాత బతికి ఉన్నవాళ్ళను లెక్కేస్తే మొదటి గ్రూపులో నూటికి 10 మంది, రెండో గ్రూపులో 26 మంది. ముప్పై రోజుల రేడియేషన్, రోజూ మాత్ర, తర్వాత నెలకు ఐదు రోజుల చొప్పున ఆరు విడతలు అన్న పద్ధతి అక్కడి నుంచే వచ్చింది. ఇరవై ఏళ్ళుగా దీన్ని పక్కకు నెట్టగలిగిన మందు రాలేదు.

రాకపోవటానికి కారణం ప్రయత్నం లేకపోవటం కాదు. రిండోపెపిముట్ అనే టీకా చిన్న ట్రయల్స్‌లో ఎంతో ఆశ పెట్టింది. 745 మందితో చేసిన పెద్ద ట్రయల్‌లో ప్రయోజనం కనపడక 2016లో ఆపేశారు. కణితికి కొత్త రక్తనాళాలు పెరగకుండా ఆపే బెవాసిజుమాబ్‌ను మొదటి నుంచీ కలిపి ఇస్తే కణితి పెరగటం కొంతకాలం ఆగింది కానీ ఆయుష్షు పెరగలేదని 2014లో రెండు పెద్ద ట్రయల్స్ తేల్చాయి. రోగనిరోధక శక్తిని లేపి ఇతర క్యాన్సర్లలో అద్భుతాలు చేసిన నివోలుమాబ్ అనే మందు గ్లయోబ్లాస్టోమాలో మూడు పెద్ద ట్రయల్స్‌లోనూ ఓడిపోయింది. మీరు ఈ రోజు ఫోనులో చదివే వార్తల్లాంటివే అప్పుడు ఈ మందుల గురించి కూడా వచ్చాయి. వాటిని నమ్మి రేడియేషన్ మానుకున్న ఒక కుటుంబం నాకు బాగా గుర్తుంది. మిర్యాలగూడ రైస్‌మిల్లులో పనిచేసే మనిషి. విదేశంలో ట్రయల్ మొదలవుతుందని ఎవరో చెబితే రెండున్నర నెలలు ఆగారు. తిరిగొచ్చేసరికి కణితి ఆపరేషన్‌కు ముందున్నంత అయింది. నడిచి వెళ్ళిన మనిషిని మంచం మీద తెచ్చారు. అప్పుడు ఏ ట్రయల్‌కూ అర్హత లేదు, ఎందుకంటే దాదాపు ప్రతి ట్రయల్ తన పనులు తాను చేసుకోగలిగిన రోగినే తీసుకుంటుంది. మామూలు చికిత్స సమయానికి తీసుకుని ఒంట్లో సత్తువ నిలుపుకున్నవాళ్ళకే తర్వాతి ట్రయల్ అవకాశం మిగులుతుంది.

ఒక మెలిక ఉంది, అది దాచను. కొత్తగా బయటపడిన కణితి కోసం చేసే ట్రయల్స్‌లో కొన్ని రేడియేషన్ మొదలుకాకముందే పేరు నమోదు చేయమంటాయి. అందుకే వాకబు ఈ వారమే చేయాలంటున్నాను. మీ రేడియేషన్ డాక్టరును ఒకటే మాట అడగండి: "ఈ దశలో చేరదగ్గ ట్రయల్ మీ దగ్గరగానీ నగరంలో ఇంకెక్కడగానీ నడుస్తోందా?" ఉందంటే రేడియేషన్ ప్లానింగ్ స్కాన్, మాస్కు తయారీ జరిగే వారం పది రోజుల్లోనే ట్రయల్ పరీక్షలు కూడా అయిపోతాయి. లేదంటే ఇంకో ఆలోచన లేకుండా మొదలుపెట్టండి. కణితి తిరిగి వచ్చినప్పుడు చేరే ట్రయల్స్ వేరే ఉంటాయి, వాటికి ఇప్పుడు చేయించుకునే రేడియేషన్ అడ్డు కాదు. పైగా చాలావాటికి అదే మొదటి షరతు.

ఇప్పుడు మీ రిపోర్టు. మీరు రాసిన వరుస ఇది: "ఐడీహెచ్1 ఆర్132హెచ్ నెగటివ్, ఎంజీఎంటీ చేయలేదు." ఐడీహెచ్, ఎంజీఎంటీ రెండూ జన్యువుల పేర్లు. ఇందులో మొదటిది చూసి చాలామంది ఐడీహెచ్ మార్పు లేదని రాసేసుకుంటారు. అది పూర్తిగా నిజం కాదు. స్లైడు మీద రంగు వేసి చూసే ఆ పరీక్ష ఒకే ఒక్క రకం మార్పును పడుతుంది. ఐడీహెచ్ మార్పుల్లో నూటికి తొంభై దాకా ఆ రకమే, మిగతావి దానికి దొరకవు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త వర్గీకరణ ఇచ్చినప్పటి నుంచి, 55 ఏళ్ళలోపు రోగికి ఈ పరీక్ష నెగటివ్ వస్తే జన్యు సీక్వెన్సింగ్ (జన్యువును అక్షరం అక్షరంగా చదివే పరీక్ష) కూడా చేసి నిర్ధారించుకోవాలి. మీ అన్నయ్యకు 41. ఐడీహెచ్ సీక్వెన్సింగ్ అడగండి.

దీనివల్ల ఏమి మారుతుంది? ఐడీహెచ్ మార్పు ఉన్నట్టు తేలితే జబ్బు పేరే మారుతుంది. అది గ్లయోబ్లాస్టోమా కాదు, ఐడీహెచ్ మార్పు ఉన్న ఆస్ట్రోసైటోమా, గ్రేడ్ 4. చికిత్స ఇప్పటికీ రేడియేషన్, మాత్రలే, కానీ సగటున వాళ్ళు ఎక్కువ కాలం బతుకుతారు, చేరగలిగే ట్రయల్స్ జాబితా కూడా పూర్తిగా వేరు. దొరక్కపోతే నష్టమేమీ లేదు, ఇప్పుడున్న పేరే గట్టిపడుతుంది.

ఎంజీఎంటీ పరీక్ష కూడా అంతే అవసరం. టెమోజోలోమైడ్ కణితి జన్యువులను దెబ్బతీస్తే, ఎంజీఎంటీ అనే ప్రోటీన్ వచ్చి ఆ దెబ్బను బాగుచేస్తుంది. ఆ ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువు మూతపడి ఉంటే, దాన్నే రిపోర్టులో మిథైలేటెడ్ అంటారు, మాత్ర బాగా పనిచేస్తుంది. మూతపడకపోతే ప్రయోజనం తక్కువ. ఇప్పుడు నడుస్తున్న ట్రయల్స్ చాలా వరకు ఈ ఒక్క ఫలితంతో రోగులను రెండుగా విడదీస్తున్నాయి. ఉదాహరణకు, జన్యువు మూతపడని కొత్త రోగులకు టెమోజోలోమైడ్ బదులు నిరాపరిబ్ అనే మందు ఇస్తే ఎలా ఉంటుందో తేల్చటానికి ఒక పెద్ద మూడో దశ ట్రయల్ నడుస్తోంది. ఎంజీఎంటీ రిపోర్టు లేని రోగి అలాంటిదాని గడప కూడా తొక్కలేడు.

ఈ పరీక్షలు రెండూ దేని మీద చేస్తారు? పారఫిన్ బ్లాకు మీద. దీని గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే నా పనిలో అన్నిటికంటే ఎక్కువ గుండెకోత దీనివల్లే చూశాను. ఆపరేషన్‌లో తీసిన కణితి ముక్కను మైనంలో పోతపోసి, అగ్గిపెట్టెకన్నా చిన్న ప్లాస్టిక్ జాలి పెట్టెలో బిగిస్తారు. మైనం మధ్యలో కందిగింజంతో శనగగింజంతో ఉండే బూడిదరంగు మచ్చే మీ అన్నయ్య కణితి. పెట్టె అంచున పెన్సిలుతోనో మిషనుతోనో ఒక నంబరు ఉంటుంది. పెథాలజీ రిపోర్టు పైన ఉండే నంబరు అదే. దాని నుంచి వెంట్రుకకన్నా పలచగా పొరలు కోసి స్లైడ్లు చేస్తారు. ట్రయల్ వాళ్ళు అడిగేది ఈ బ్లాకునో, దాని నుంచి కోసిన రంగు వేయని పది పదిహేను స్లైడ్లనో.

నాలుగేళ్ళ కిందట నల్లగొండ నుంచి వచ్చిన ఒక అబ్బాయికి ట్రయల్‌కు అన్నీ కుదిరాయి. బ్లాకు కోసం ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి వెళితే పాత స్టోరుకు మార్చామన్నారు, తర్వాత బయట ల్యాబుకు పంపామన్నారు, ల్యాబు వాళ్ళు తిరిగి ఇచ్చేశామన్నారు. పద్దెనిమిది రోజులు తిరిగారు. దొరికేసరికి చేరటానికి గడువు రెండు రోజుల కిందటే ముగిసింది. ఆ తండ్రి ఆ చిన్న పెట్టెను చేతి రుమాలులో కట్టి తెచ్చి నా బల్ల మీద పెట్టిన రోజు నేను మరచిపోలేను. మీరు రేపే ఆసుపత్రి పెథాలజీ విభాగానికి వెళ్ళి, బ్లాకు నంబరు చెప్పి, అది అక్కడే ఉందా అని అడగండి. ఉంటే ఒక దరఖాస్తు ఇచ్చి తీసుకోవచ్చు. ఎండలో, కారు అద్దం దగ్గర పెట్టకండి, మైనం కరుగుతుంది. మన ఊళ్ళ వేసవి సంగతి తెలిసిందే కదా. స్కాన్లు కూడా ఫిల్ములు కాకుండా సీడీ మీద తీసుకోండి: ఆపరేషన్‌కు ముందుది ఒకటి, ఆపరేషన్ అయిన రెండు మూడు రోజుల్లో తీసింది ఒకటి. ఆ రెండోది చాలా ముఖ్యం, కణితి ఎంత మిగిలిందో చెప్పేది అదే.

ఇక రాబోయే చికిత్సల సంగతి. మీరు రాసిన వాటిలో నిజంగా బరువున్నవి ఏవో నా అంచనా చెబుతాను.

కార్-టీ వార్త నిజమే. 2024 మార్చిలో అమెరికాలోని బోస్టన్ డాక్టర్లు ముగ్గురు రోగుల ఫలితాలు ప్రచురించారు. రోగి రక్తంలోని టీ కణాలను బయటికి తీసి, కణితిని గుర్తుపట్టేలా మార్చి, తిరిగి నేరుగా మెదడులోని ద్రవంలోకి ఎక్కించారు. రోజుల్లోనే కణితి కుంచించుకుపోయింది. ఆ స్కాన్ బొమ్మలు చూసి నాకూ ఒళ్ళు జలదరించింది. కానీ ముగ్గురిలో ఇద్దరికి ఆ ఫలితం నిలవలేదు. ఫిలడెల్ఫియా బృందం అదే నెలలో ఆరుగురి ఫలితాలు చెప్పింది, అక్కడా కణితి తగ్గింది, మగత లాంటి నరాల దుష్ప్రభావాలు అందరిలోనూ కనిపించాయి. ఇవన్నీ మొదటి దశ ట్రయల్స్. మొదటి దశ అంటే ఎంత మోతాదు భరించగలరో చూడటం, జబ్బు నయమవుతుందో లేదో తేల్చటం దాని పని కాదు. మన దేశంలో ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి తెచ్చిన కార్-టీ చికిత్సకు 2023లో అనుమతి వచ్చింది, అది రక్త క్యాన్సర్లకు. "ఇండియాలో కార్-టీ వచ్చేసింది" అన్న వార్త చదివి మెదడు కణితికి అడిగేవాళ్ళు వారానికి ఒకరు ఫోను చేస్తారు. దీనికి అది కాదు.

నాకు ఎక్కువ ఆశ ఉన్నది రెండు చోట్ల. ఒకటి, కణితి జన్యుమార్పును గురిపెట్టే మాత్రలు. వొరాసిడెనిబ్ అనే మాత్రను ఐడీహెచ్ మార్పు ఉన్న గ్రేడ్ 2 కణితులున్న 331 మందిలో పరీక్షించారు. మందు లేని ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్ళలో కణితి మళ్ళీ పెరగటానికి సగటున 11.1 నెలలు పడితే, మందు తీసుకున్నవాళ్ళలో 27.7 నెలలు పట్టింది. 2023లో ఫలితాలు, 2024 ఆగస్టులో అమెరికాలో అనుమతి. అది గ్రేడ్ 2కే, మీ అన్నయ్యకు ఐడీహెచ్ మార్పు ఉన్నా నేరుగా వర్తించదు. అయినా ఇన్నేళ్ళలో ఈ రంగంలో నేను చూసిన గట్టి గెలుపు అది. అలాగే మెదడు మధ్యభాగంలో వచ్చే, హెచ్3 కే27ఎం అనే జన్యుమార్పు ఉన్న కణితులకు డోర్డవిప్రోన్ అనే మందుకు 2025 ఆగస్టులో అమెరికాలో త్వరిత అనుమతి ఇచ్చారు. పిల్లల్లో ఎక్కువగా కనిపించే జబ్బు అది, ఎన్నో ఏళ్ళు ఏమీ చేయలేక చూస్తూ కూర్చున్నాం.

రెండోది అల్ట్రాసౌండ్. రక్తంలోని మందు మెదడులోకి పోకుండా ఒక సహజమైన అడ్డుగోడ ఉంటుంది. మంచి మందులు ఎన్నో పుర్రె లోపల పనిచేయకపోవటానికి అదొక పెద్ద కారణం. పుర్రెలో చిన్న పరికరం అమర్చి, రక్తంలోకి సూక్ష్మమైన బుడగలు ఎక్కించి, అల్ట్రాసౌండ్ తరంగాలు పంపితే ఆ గోడ కొద్దిసేపు తెరుచుకుంటుంది. ఆ వ్యవధిలో కీమో ఇస్తే మెదడులోకి ఎక్కువ చేరుతోందని చికాగో డాక్టర్లు 2023లో చూపించారు. ఇప్పుడు తిరగబెట్టిన గ్లయోబ్లాస్టోమాలో కార్బోప్లాటిన్‌తో కలిపి దీన్ని పెద్ద ట్రయల్‌గా పరీక్షిస్తున్నారు. దాని ఫలితం కోసం నేను ఎదురుచూస్తున్నాను.

టీకాల గురించి క్లుప్తంగా: రోగి సొంత రోగనిరోధక కణాలతో చేసే డెండ్రిటిక్ కణాల టీకా ఫలితాలు 2022లో వచ్చాయి, కానీ పోల్చిన గ్రూపును పాత ట్రయల్స్ నుంచి తీసుకోవటంతో నిపుణుల మధ్య వాదన తెగలేదు. ఎంఆర్ఎన్ఏ టీకా నలుగురు పెద్దలలో చూశారు, అంతే. ముంబై టాటా మెమోరియల్ వాళ్ళు రెస్వెరట్రాల్ (ద్రాక్ష తొక్కలో ఉండే పదార్థం), రాగి కలిపి ఆపరేషన్‌కు ముందు పదిమందికి ఇచ్చి, కణితి కణజాలంలో దాని దూకుడును చూపే కొన్ని లక్షణాలు తగ్గాయని చెప్పారు. ఆయుష్షు పెరుగుతుందని వాళ్ళు నిరూపించలేదు. ఆ వార్త వచ్చిన దగ్గర నుంచి రాగిపాత్ర నీళ్ళు, రాగి భస్మం మొదలుపెట్టినవాళ్ళున్నారు. దయచేసి వద్దు. భస్మాలు, ఊరి మందులతో లివర్ పరీక్షలు దెబ్బతిని ట్రయల్ అర్హత పోయిన వాళ్ళు నా ఫైళ్ళలోనే ముగ్గురున్నారు.

నిర్ధారణ పరీక్షల గురించి కూడా అడిగారు. రక్తపరీక్షతో మెదడు కణితిని తేల్చటం ఇంకా కుదరలేదు. ఇతర క్యాన్సర్లలో కణితి జన్యుశకలాలు రక్తంలో దొరుకుతాయి, మెదడు విషయంలో ఇందాక చెప్పిన గోడే అడ్డు. వెన్నెముక ద్రవంలో కొంత మెరుగ్గా దొరుకుతాయి. అల్ట్రాసౌండ్‌తో గోడ తెరిచి, ఆ వెంటనే రక్తం తీసి చూసే ట్రయల్స్ కూడా జరుగుతున్నాయి. ఆపరేషన్ బల్ల మీదే కణితి రకం తేల్చే పద్ధతి నాకు బాగా నచ్చింది: 2023లో నెదర్లాండ్స్ బృందం 25 ఆపరేషన్లలో ముక్క తీసిన గంటన్నరలోపే జన్యు సీక్వెన్సింగ్ చేసి, 18 మందిలో సరైన పేరు చెప్పగలిగింది. మిగతా ఏడుగురిలో తేల్చలేకపోయింది. ఎంత కోయాలో సర్జన్ అక్కడికక్కడే నిర్ణయించుకోవటానికి అది పనికొస్తుంది.

అయితే ముక్క తీయకుండా స్కాన్‌ను మాత్రమే నమ్మవద్దు. కల్వకుర్తి నుంచి ఒక దర్జీ వచ్చాడు. స్కాన్‌లో ఉంగరంలా మెరిసే గడ్డ, చుట్టూ వాపు. ముందు చూసినచోట క్యాన్సర్ అని చెప్పేశారు, ఇంట్లో పొలం బేరం పెట్టారు. బయాప్సీలో తేలింది క్షయ గడ్డ. టీబీ మందులు వాడి మళ్ళీ మిషను తొక్కుతున్నాడు. మన దేశంలో క్షయ, బద్దెపురుగు గుడ్ల వల్ల వచ్చే గడ్డలు కణితిలాగే కనిపిస్తాయి. విదేశాల్లో తయారైన ఏ కంప్యూటర్ పద్ధతినైనా మన రోగుల మీద మళ్ళీ పరీక్షించాలని మేము పట్టుబట్టేది అందుకే.

ఇంకో జాగ్రత్త కూడా ఇక్కడే చెప్పాలి. రేడియేషన్ అయిన మొదటి మూడు నెలల్లో తీసిన స్కాన్‌లో కణితి పెరిగినట్టు కనిపించవచ్చు. చాలాసార్లు అది చికిత్స వల్ల వచ్చిన వాపు, నిజంగా పెరగటం కాదు. సూర్యాపేట కుటుంబం ఒకటి ఆ స్కాన్ చూసి మందు పనిచేయలేదని మాత్రలు ఆపేసింది. రెండు నెలల తర్వాత తీసిన స్కాన్‌లో అది తగ్గింది, కానీ ఆ రెండు నెలలు మందు లేకుండా పోయాయి. అలా కనిపిస్తే కంగారుపడకుండా డాక్టరును అడిగి, స్కాన్ మళ్ళీ తీయించండి.

ట్రయల్ వెతకటం కష్టమేమీ కాదు. మన దేశంలో జరిగే ప్రతి ట్రయల్‌ను సీటీఆర్ఐ అనే ప్రభుత్వ రిజిస్ట్రీలో నమోదు చేయాలి. 2007లో మొదలైంది, 2009 జూన్ నుంచి తప్పనిసరి. ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. జబ్బు పేరు కొట్టి వెతికితే ట్రయల్ ఏ దశలో ఉంది, ఏ నగరాల్లో, ఎవరిని తీసుకుంటారు, ఎవరిని తీసుకోరు, బాధ్యుడైన డాక్టరు ఎవరు అన్నీ ఉంటాయి. రోగులను చేర్చుకోవటం మొదలైందా లేదా అన్న గడి మొదట చూడండి. ఎవరైనా ట్రయల్ అని చెబితే మీ మొదటి ప్రశ్న ఆ రిజిస్ట్రీ నంబరు ఎంత అన్నదే కావాలి. నంబరు చెప్పలేనివారితో రెండో మాట వద్దు.

ఎందుకంటే డబ్బు గుంజేవాళ్ళు ఈ జబ్బు చుట్టూ చాలామంది తిరుగుతున్నారు. మునుగోడు వైపు నుంచి వచ్చిన ఒక రైతు, భార్య కోసం "స్టెమ్ సెల్ ట్రయల్" అని రెండెకరాలు అమ్మి డబ్బు కట్టాడు. రసీదులో ట్రయల్ అన్న మాటే లేదు. నిజమైన ట్రయల్‌లో పరీక్షించే మందుకు మీ దగ్గర డబ్బు తీసుకోరు. చాలా చోట్ల రానుపోను బస్సు ఖర్చులు కూడా ఇస్తారు. మామూలు చికిత్సకు మాత్రం ఖర్చు ఉంటుంది, దానికి ఆరోగ్యశ్రీ ఉంది, పంజాగుట్ట నిమ్స్, రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. దేవరకొండ నుంచి రోజూ వచ్చిపోవటం ఆయన వల్ల కాదు, ఆ ఆరు వారాలు నగరంలోనే గది చూసుకోండి.

అమ్మగారి భయం విషయానికి వస్తాను. ఆమె భయం ఊరికే పుట్టింది కాదు, ఈ దేశంలో పేదవాళ్ళను అడగకుండా మందులు పరీక్షించారన్న ఫిర్యాదులు సుప్రీంకోర్టు దాకా వెళ్ళాయి. ఆ తర్వాతే చట్టం గట్టిపడింది. 2019 నాటి నిబంధనల ప్రకారం ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా ట్రయల్ మొదలుకాదు, ఆ కమిటీలో డాక్టర్లు కానివారు కూడా ఉండాలి. ట్రయల్ సమయంలో హాని జరిగితే ఉచితంగా వైద్యం చేయాలి. ట్రయల్ వల్లే మరణంగానీ అంగవైకల్యంగానీ వస్తే నష్టపరిహారం ఇవ్వాలి, దానికి లెక్కగట్టే సూత్రం కూడా నిబంధనల్లోనే ఉంది. కానీ మందు పనిచేయలేదు అన్నంత మాత్రాన పరిహారం రాదు. ఇది ముందే తెలిసి ఉండాలి.

రెండు గ్రూపులుగా విడదీసే ట్రయల్‌లో కొత్త మందు ఎవరికి వస్తుందో కంప్యూటర్ లాటరీలా తేలుస్తుంది. డాక్టరు ఎంచలేడు, మనం సిఫార్సు చేయించలేం. కొత్త మందు రాని గ్రూపుకు మామూలు చికిత్స ఆగదు, ఉత్తుత్తి మాత్ర ఇచ్చినా అది ఆ చికిత్సకు తోడుగానే ఉంటుంది.

మెదడు వాపు తగ్గించే స్టెరాయిడ్, డెక్సామెథాసోన్ మాత్ర వేసుకుంటున్నారని రాశారు. ఇమ్యునోథెరపీ (రోగనిరోధక శక్తితో చేసే చికిత్స) ట్రయల్స్ చాలావరకు ఈ మాత్ర ఎక్కువ మోతాదులో ఉన్నవారిని తీసుకోవు, తగ్గించవచ్చా అని డాక్టరును అడగండి. మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపవద్దు, ప్రమాదం. ఫిట్స్ మాత్ర ఒక్క పూట కూడా మానవద్దు. మన జిల్లా ఫ్లోరైడ్ నీళ్ళ వల్ల వచ్చిందా అని కూడా అడిగారు. ఫ్లోరైడ్ ఎముకలను, పళ్ళను ఎంత పాడుచేస్తుందో మర్రిగూడ వైపు మనుషులను చూసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. మెదడు కణితికి అది కారణమని చూపిన ఆధారం మాత్రం లేదు. మీ కుటుంబంలో ఎవరూ ఏ తప్పూ చేయలేదు.

చివరగా, మీ అన్నయ్యకు జబ్బు పేరు ఇంకా చెప్పలేదని, "చిన్న గడ్డ, తీసేశారు" అని మాత్రమే చెప్పామని రాశారు. ట్రయల్‌లో చేరాలంటే అది కుదరదు. తెలివిలో ఉన్న రోగి సంతకం ఆయనే పెట్టాలి, జబ్బు పేరు, మందు పేరు, రాగల హాని అన్నీ ఆ పత్రంలో తెలుగులో రాసి ఉంటాయి. మా దగ్గరికి అచ్చంపేట నుంచి రిటైరైన ఒక మాస్టారును కొడుకులు ఇలాగే ఏమీ చెప్పకుండా తీసుకొచ్చారు. నేను పత్రం ఇంటికి ఇచ్చి పంపాను. నాలుగు రోజుల తర్వాత వచ్చారు. ప్రతి పేజీలోనూ పెన్సిలుతో గీతలున్నాయి. కళ్ళజోడు సర్దుకుని మూడు ప్రశ్నలు అడిగారు. మూడోది, "మధ్యలో నేను వద్దంటే నా మామూలు మందు ఆపుతారా?" ఆపరు, ఏ రోజైనా వద్దనవచ్చు, కారణం కూడా చెప్పక్కర్లేదు అన్నాను. పిల్లల వైపు తిరిగి, "నాకు ముందే చెప్పి ఉంటే ఈ నెల రోజులు మీరు నా ముందు నవ్వటానికి అంత కష్టపడి ఉండేవారు కాదు" అన్నారు. తర్వాత పేజీ పేజీకీ పూర్తి పేరు రాసి సంతకం పెట్టారు.

ఆసుపత్రికి వెళ్ళేలోపు అన్నయ్యతో ఆ మాట మీరే మాట్లాడండి, మీ వదినను కూడా కూర్చోబెట్టుకుని. బ్లాకు దొరికిందో లేదో, ఎంజీఎంటీ ఫలితం ఏమి వచ్చిందో ఇక్కడ రాయండి. ఆ రోజుకు తెరిచి ఉన్న ట్రయల్స్‌లో ఆయనకు ఏది సరిపోతుందో వరుసగా చూసి చెబుతాను.